పొడుగు పందెం

బాత్‌రూంలో ఆమె ఈతదుస్తులు పిండుతుంటే బయటినుంచి భర్త గొంతు వినిపించింది. "నా చొక్కాల పక్కన ఆరేయకు. ఆ క్లోరిన్ కంపు అంటుకుంటోంది."

ఆ చొక్కాలు ఉతికింది కూడా ఆమే. చేతిలోవి ఇంకాస్త గట్టిగా పిండింది.

"అన్నట్టు, మీ కోచ్‌కి ఫోన్ చేశా. పోటీల్లో నీకు యాభై మీటర్లు చాలని చెప్పేశా. ఇలా దూకి అలా తేలొచ్చు. ఆ పదిహేను వందల మీటర్లంటే గంటలకొద్దీ ప్రాక్టీసట. మనకు కుదిరే పనేనా?"

'మనకు' అన్న మాట చెవిలో నీళ్లలా నిలిచిపోయింది. చీకటితో లేచేది తను, వంట ముగించి కొలనుకు పరిగెత్తేది తను, ఈదేది తను. కుదరాల్సింది మాత్రం మనకు! పెళ్లయిన నాటినుంచీ ఆమెవన్నీ పొట్టి పందేలే. పాలు పొంగేలోపు స్నానం, బస్సు వచ్చేలోపు జడ, ల్యాబులో ఒక రక్తపరీక్షకూ ఇంకో రక్తపరీక్షకూ నడుమ నిలబడి నాలుగు ముద్దలు. "కాకిస్నానం చేసినా ఒళ్లు తడుస్తుంది కదమ్మా, అంతసేపు నానడం ఎందుకు?" అంటారు అత్తగారు. ఎవరైనా ఇంటికొస్తే భర్త ఆమె పతకాలు చూపించి "మా ఆవిడ చేప" అని మురిసిపోతాడు. పతకాలు హాల్లో ఉండొచ్చు. ఆమె తడిబట్టలకు మాత్రం దండెం మీద చోటు లేదు.

మర్నాడు పొద్దున కొలను దగ్గర కోచ్ మేడం ఎదురొచ్చింది. "మీ ఆయన చెప్పారులే. నువ్వు చెప్పు. నీ ఒళ్లు వేడెక్కేసరికే ఆ యాభై అయిపోతోంది. ఏం రాసుకోను?"

"ఈదొచ్చి చెప్తాను మేడం" అని దూకేసింది.

నీళ్లను కొట్టినట్టే ఈదసాగింది. "కోపం చేతుల్లో పెట్టకు, ఇట్టే అలిసిపోతావ్!" గట్టుమీంచి మేడం అరిచింది. ఆమె కోపాన్ని ఊపిరిలోకి దించుకుంది. చేతులు నెమ్మదించాయి, బార సాగింది. ఇన్నేళ్ల కోపం యాభై మీటర్లలో ఎలా పడుతుంది? ఈ చివరినుంచి ఆ చివరికి, మళ్లీ ఈ చివరికి, ఒక్కొక్క మాటనూ వెనక్కి తోసుకుంటూ ఈదింది. ఒళ్లు ఇప్పుడిప్పుడే నిద్రలేస్తున్నట్టుంది.

ఊపిరికోసం తల తిప్పినప్పుడు గట్టుమీద భర్త కనిపించాడు. "అమ్మ..." మళ్లీ నీళ్లు. "...ఆకలి..." మళ్లీ నీళ్లు. గోడ దగ్గరికి వచ్చేసరికి అతను వంగి ఉన్నాడు.

"ఎంతసేపు? బయటికి రా. ఇంట్లో ఇంకా ఎవరం తినలేదు."

ఇంతకుముందైతే ఆ పిలుపుకే ఎక్కి వచ్చేసేది. ఆమె గట్టు పట్టుకుని, కళ్లద్దాలు నుదుటిమీదికి నెట్టి అతనివంక చూసింది.

"అన్నీ వండే వచ్చాను. వడ్డించుకోండి."

"గరిటెలు ఎక్కడుంటాయో నాకేం తెలుసు?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు. మేడం వైపు తిరిగింది.

"పదిహేను వందలు రాసుకోండి మేడం."

తర్వాత, గొంతు ఏమాత్రం పెంచకుండా, భర్తతో అంది.

"వెతుక్కోండి. నేను ఇంకా చాలా దూరం వెళ్లాలి."