పది గంటల కబుర్లు

కెనడాలోని విన్నిపెగ్ బస్సు డిపోలో మార్లీన్ సూపర్‌వైజర్. మొండికేసిన ఇంజన్లను దారికి తేవడం ఆమెకు తెలుసు. మనుషుల చేత నాలుగు మాటలు చెప్పించడమే చేతకావడం లేదు.

"రోజూ పావుగంట సరదాగా మాట్లాడించండి, జట్టు దగ్గరవుతుంది" అంటూ పై ఆఫీసువాళ్లు ప్రశ్నల చీటీల పెట్టె పంపారు. మాటలకని పని ఆపితే బస్సులు ఎవరు చూస్తారు? అందుకని మార్లీన్ ఆ పావుగంటను పది గంటల కాఫీ విరామంలోనే ఇరికించింది. కాఫీ మెషిన్ దగ్గర నిలబడే నలుగురు మెకానిక్కులనూ గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెట్టింది. తన తెలివికి తానే మురిసిపోయింది కూడా.

మూడు వారాలైంది. ఒక్కడు మనసు విప్పి మాట్లాడితే ఒట్టు! అందరూ గోడ గడియారం చూస్తూ కూర్చునేవాళ్లు. ఆమెకు ఒళ్లు మండిపోయేది.

ఇవాళ ఆ నలుగురిలో ఒకడైన ఆర్నీ బదిలీ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మైనస్ ముప్పై చలిలో బ్రేకులు బిగుసుకుపోతే సరిచేయగల చెయ్యి డిపో మొత్తానికీ అతనిదొక్కటే. అతను పోతే ఈ చలికాలం గట్టెక్కేదెలా?

"పదకొండేళ్లు కలిసి పనిచేశాం. ఇంత మాట ముందు చెప్పొద్దా? అసలు ఎందుకు వెళ్తున్నావు?"

"నేను వెళ్లే డిపో ఆసుపత్రి పక్కనే. మా ఆవిడ థెల్మాకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. నేనే దింపి తీసుకురావాలి."

మార్లీన్‌కు కోపమే వచ్చింది. "రోజూ ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతూనే ఉన్నాను కదయ్యా! నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"కాఫీ దగ్గర చెప్పుకునేవాణ్ణి. ఆ మొదటి సోమవారం మెషిన్ దగ్గర పక్కనున్న డెన్నిస్‌కి చెప్పబోతున్నా. నువ్వొచ్చి కుర్చీల్లో కూర్చోమన్నావు. చీటీ తీసి, జంతువైతే ఏ జంతువవుతావని అడిగావు." ఆర్నీ టోపీ పెట్టుకున్నాడు. "ఆ తర్వాత కాఫీ విరామమే లేదు కదా, మార్లీన్. సంతకం పెట్టు."

అతను వెళ్లాక ఆమె రోజూ ఆ పావుగంట సంగతులు రాసిపెట్టే ఫైలు తీసి మొదటి సోమవారం పేజీ చూసింది. తన చేతిరాతే.

"ప్రశ్న: ఏ జంతువు? ఆర్నీ: బీవర్. ఉత్సాహంగా పాల్గొన్నాడు."