వట్టివేళ్ళ ఉండ

చిన్నారావు లోకో షెడ్డు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని, గంజి తాగి, క్వార్టరు గుమ్మంలో కూర్చునేవాడు. వట్టివేళ్ళతో అల్లిన ఉండను అరచేతుల్లో పెట్టుకునేవాడు. ఆ ఉండ ఊపిరి పీల్చి వదిలేది, మేత మేసి పడుకున్న ఆవు డొక్కలా, మెల్లగా. ఇంజనులో ఆవిరి గొట్టం పగిలి పక్కనున్న ఫైర్‌మన్ చచ్చిపోయిన రోజు నుంచి అతని చేతులు వణుకుతున్నాయి. ఉండ పట్టుకున్నప్పుడే కుదురుకునేవి.

పక్క స్టేషను బిల్హా సంతలో సుక్వారో అనే గోండు పడుచు ఇలాంటివి అల్లి అమ్మేది. వేళ్ళను నానబెట్టాలి, మధ్యలో చింతగింజలు పెట్టాలి, బిగించి అల్లాలి. అల్లినవాళ్ళ ఊపిరే ఉండకు వస్తుంది. అది అందరికీ తెలిసినదే.

చిన్నారావు పెళ్ళాం మంగాయమ్మకు మండింది అక్కడే. మొగుడి చేతుల్లో పరాయిదాని ఊపిరి!

"అప్పలనర్సమ్మొదినా, సూసినావా? నా ఏపు సూడనే సూడ్డు."

పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ నవ్వింది. "గడ్డిముద్దతో పోటీ ఏటే? సోమారం డాక్టరు దొర పరీచ్చ. సెయ్యి వణికితే డ్యూటీ పోద్ది, క్వార్టరూ పోద్ది."

"అచ్ఛా! అయితే మమ్మల్ని నిలబెట్టింది ఆ సుక్వారోయే అన్నమాట!"

ఆదివారం మంగాయమ్మ బండెక్కి బిల్హా వెళ్ళింది.

"నేర్పుతాను దీదీ. కోపంతో మాత్రం అల్లకు," అంది సుక్వారో.

ఆమె నున్నని మెడకేసే చూస్తూ అల్లింది మంగాయమ్మ. ఇంటికొచ్చి, మొగుడు నిద్రలో ఉండగా పాత ఉండను పొయ్యిలో పెట్టింది. అది ఒక్క నిట్టూర్పు విడిచి కాలిపోయింది.

మర్నాడు ఆసుపత్రి వరండాలో తను అల్లిన ఉండను అతనికిచ్చింది. అది ఎగిసెగిసి రొప్పింది. అతని చేతులు మరింత వణికాయి.

"ఇదేటే, ఇలా రొప్పుతంది? పాతదేదీ?"

"కాల్చీసినాను మావా. ఇది నానల్లినాను."

చిన్నారావు ఉండనూ, పెళ్ళాం మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"ఇన్నాళ్ళూ నీకు లోపల ఇలాగుందేటే?"

అతను బొటనవేలితో ఉండను నిమరసాగాడు. "ఊరుకో... ఊరుకో... నానెక్కడికీ పోనులే." మంగాయమ్మ కళ్ళు తుడుచుకుంది. రొప్పు తగ్గింది.

లోపల్నుంచి పిలుపొచ్చింది. చేతులు చాపమన్నాడు డాక్టరు దొర.

"ఇప్పుడే పడుకుందండి," అన్నాడు చిన్నారావు గుసగుసగా. ఉండకు మెలకువ రాకుండా రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. ఒక్క వేలు కదల్లేదు.

దొర కూడా గొంతు తగ్గించి, "ఫిట్," అన్నాడు.