ఎవరూ ముట్టుకోనప్పుడు

"నీ చెయ్యి తడి," అన్నారు మా ఆయన, పొంగిపోయిన పాలకేసి చూస్తూ.

కొత్త స్టవ్ అది. మీట లేదు, తిప్పడానికి మర లేదు, నల్లటి గాజు పలక మీద గుర్తులు మాత్రం ఉంటాయి. వేలు ఆనిస్తే చాలు. పాలు సన్నసెగ మీద పెట్టి కూర తరగడానికి ఇటు తిరిగానో లేదో, అది తనంతట తానే వేడి పెంచుకుని కూర్చుంది. "తుడుచుకుని నొక్కమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అంటూ ఆయన హాల్లోకి వెళ్ళిపోయారు. పొంగిన పాలు తుడవడం ఎలాగూ తడి చేతుల పనే కాబట్టి అది నాకు వదిలేశారు.

నా చేతులు తడిగా ఉంటాయన్నది నిజమే. బియ్యం కడిగి, గిన్నెలు తోమి, బట్టలు పిండే చేతులు ఆరడానికి తీరికేది? అయితే మా అత్తయ్య లెక్క వేరు. "అరచేతులు చెమర్చే ఆడదానికి ఒంట్లో వేడెక్కువ. ఇంక కడుపేం పండుతుంది?" అంటుంది. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మాకు పిల్లలు లేరు. మందులు మింగింది నేను, సూదులు పొడిపించుకున్నది నేను, చల్లటి బల్లలెక్కి పడుకున్నది నేను. మొదట చూసిన డాక్టరమ్మ, "పరీక్షలు ఇద్దరూ చేయించుకోండి," అంది. దారిలో ఆయన, "మా వంశంలో అలాంటివేం లేవు," అన్నారు. ఆ డాక్టరమ్మ గడప మళ్ళీ తొక్కలేదు. ఇప్పుడు ఇంకో డాక్టరు. సోమవారం నాకు మత్తిచ్చి, పొట్ట మీద గాటు పెట్టి లోపలికి చూస్తాడట. "చిన్న ఆపరేషనే," అన్నారు ఆయన. కోసేది తన పొట్ట కాదు కాబట్టి చిన్నదే. నాకు మాత్రం చచ్చేంత భయంగా ఉంది. ఆ మాట పైకంటే, "పిల్లలు కావాలని నీకే లేదు," అంటారని ఊరుకున్నాను.

నా ఉద్యోగం రేవులో, లాంచీ టికెట్ల కౌంటర్లో. ఒక చిన్న గది, ఒక కుర్చీ, సముద్రం వైపు తెరుచుకునే కిటికీ, ఎదురుగా టచ్ స్క్రీను. ఎక్కడికో నొక్కాలి, పెద్దలెందరో పిల్లలెందరో నొక్కాలి, టికెట్ బయటికొస్తుంది. వారం రోజులుగా అదీ స్టవ్ దారే పట్టింది. నేనొకటి నొక్కితే అదొకటి తీసుకునేది. బయట వరసలో నిలబడ్డవాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు. సూపర్వైజరు గారు వచ్చి, "అమ్మా, వంటింటి చేతులతో వచ్చి నొక్కితే ఇది తట్టుకోదు," అని స్క్రీను మీద ప్లాస్టిక్ కాగితం అంటించి అంచులకి టేపు వేసి వెళ్ళారు. నా చేతుల నుంచి దాన్ని కాపాడడానికి అన్నమాట. ఆ తర్వాత అది ఇంకా రెచ్చిపోయింది. నలుగురూ నంది అంటే నంది, పంది అంటే పంది. ఇంట్లోనూ అదే మాట, ఆఫీసులోనూ అదే మాట అయ్యేసరికి నేనూ నమ్మేశాను. చేతులకి పౌడరు రాసుకున్నాను, వేలి కణుపుతో నొక్కాను, ఎవరికైనా చిల్లర ఇవ్వాలన్నా చెయ్యి ముడుచుకునేదాన్ని.

శుక్రవారం పొద్దున మంచు వల్ల మొదటి లాంచీ కదల్లేదు. కౌంటరు ముందు ఎవరూ లేరు. స్క్రీను వెలిగించి, ముట్టుకుంటే ఏం తంటా వస్తుందోనని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలోంచి గాలి వీస్తోంది. కాసేపటికి 'అవతలి రేవు' అన్న గుర్తు దానంతటదే వెలిగింది. నేను కదల్లేదు. ఆ తర్వాత 'పిల్లలు' అన్నచోట అంకె పెరగడం మొదలైంది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు. పెద్దతోడు లేకుండా ఎవరి పిల్లలో ఇలా అవతలి రేవుకి బయల్దేరారు. నాకు నవ్వు ఆగలేదు. ఎన్నాళ్ళయిందో ఒక్కదాన్నే కూర్చుని అలా నవ్వి.

అప్పుడు పట్టుకుంది నాకు కుతూహలం. నొక్కుతున్నది నా చేతులు కానప్పుడు ఇవి ఎవరి వేళ్ళు? కిటికీ మూశాను. కాసేపటికి పిల్లలు పెరగడం తగ్గింది. తెరిచాను. మళ్ళీ మొదలు. టేపు కొంచెం లేపి ప్లాస్టిక్ కింద వేలు పెట్టి చూస్తే తేమగా, జిగటగా తగిలింది. కూరలో ఉప్పు చూడడం అలవాటైన దాన్ని కదా, వేలు నాలుకకి ఆనించాను. ఉప్పు. నా చెమటా ఉప్పే కాబట్టి అక్కడితో ఆగకూడదనిపించింది. నేనెప్పుడూ తాకని కిటికీ పై ఊచని కుర్చీ ఎక్కి మరీ వేలితో రాసి నాకి చూశాను. అదే ఉప్పు. ఎవరైనా చూసుంటే సోమవారం ఆపరేషను పొట్టకి కాకుండా తలకి చేయించేవాళ్ళు.

మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. రాగానే ప్లాస్టిక్ పీకి పారేశాడు. ఇది ఎందుకిలా చేస్తోందని నేను అడిగాను. అతను సూపర్వైజరు గారి వైపు తిరిగి జవాబు చెప్పాడు. "సముద్రం గాలి కద్సార్. ఉప్పు పొరలా పేరుకుంటది. అది తేమ పట్టిందంటే వేలు ఆనినట్టే అనుకుంటది స్క్రీను. మీరు ప్లాస్టిక్ వేశారు, తేమ లోపలే ఉండిపోయింది."

"మరి తడి చేతుల వల్ల రాదా?" అన్నాను.

"తడి చేత్తో నొక్కితే కాసేపు తికమక పడుద్ది సార్, తుడిస్తే పోద్ది. ఇది అది కాదు."

"ఇది అది కాదని మీకెలా తెలుస్తుంది?"

ఈసారి అతను నాకేసి చూశాడు. అలా అడిగినవాళ్ళు లేరేమో. "విప్పకముందు అన్నీ ఒక్కొక్కటిగా చూస్తామండి. ఎవరూ ముట్టుకోకుండా ఎట్లా ఉంది, వేరేవాళ్ళు ముట్టుకుంటే ఎట్లా ఉంది. అవేం చూడకుండా ముందే విప్పితే బాగున్నది కూడా పాడవుద్ది."

సూపర్వైజరు గారు, "సరే సరే, త్వరగా కానివ్వు," అంటూ బయటికి నడిచారు. నా చేతుల సంగతి ఇంకెత్తలేదు. క్షమించమనీ అనలేదు. నేనూ ఎదురుచూడలేదు, ఎందుకంటే నా బుర్ర అప్పటికే ఇంకెక్కడో ఉంది.

ఆదివారం సాయంత్రం పేపరు చదువుకుంటున్న మా ఆయన్ని, "మీ చేతులు పొడిగా ఉన్నాయి కదా, కాస్త టీ పెట్టరూ," అని అడిగాను. అడిగిన తీరుకి ఆశ్చర్యపడి లేచారు. వంటింటి కిటికీ బార్లా తెరిచే ఉంది. ఆయన నొక్కారు. స్టవ్ వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగి పూర్తి వేడికి ఎక్కి కూర్చుంది. ఆయన నాలుగైదుసార్లు నొక్కి, విసుగుపుట్టి, "దండగమారి స్టవ్. కంపెనీవాళ్ళని పిలవాలి," అన్నారు. "కంపెనీవాడేం చేస్తాడు పాపం, ఇక్కడి సముద్రం గాలే అంత. ఇనప గేటే తుప్పు పట్టిపోయింది," అంది అత్తయ్య గుమ్మంలోంచి.

నేను నొక్కితే చెయ్యి తప్పు. ఆయన నొక్కితే స్టవ్ తప్పు, గాలి తప్పు. అప్పటిదాకా కుతూహలంగా ఉన్న నాకు కోపం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఎంతమంది నన్ను విప్పి చూశారు. విప్పిన ప్రతివాళ్ళూ బాగానే ఉందన్నారు. బాగానే ఉంటే ఇంకా లోపలికి చూద్దామన్నారు. కోపం చల్లారాక కుతూహలం మాత్రం మిగిలింది. అది తీరేదాకా నాకు నిలకడ ఉండదని కూడా తెలిసిపోయింది.

సోమవారం పొద్దున ఆసుపత్రికి ఫోన్ చేశాను. ఫోనెత్తిన అమ్మాయి నేను చెప్పింది ఒకసారి విని, "అలా కూడా చేయొచ్చు మేడమ్, అసలు అలాగే చేయాలి," అంది. తర్వాత స్నానం చేసి, తల దువ్వుకుని, బల్ల దగ్గర కూర్చుని రొట్టె తినడం మొదలుపెట్టాను.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చిన మా ఆయన ఆగిపోయారు. "తింటున్నావేంటి? ఏమీ తినకుండా రమ్మన్నారు కదా. మత్తెలా ఇస్తారు?"

"ఇవ్వరు. ఆపరేషను ఆపించాను."

"ఎవర్నడిగి?"

"ఆ టైముకి పరీక్ష చేయడానికి మీ పేరు రాయించాను. మత్తు అక్కర్లేదట, కోతా లేదట. మీరూ తినండి."

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన ఆవిడకేసి చూశారు, నాకేసి చూశారు. "నాకా? నాకెందుకు?"

గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగి లేచాను.

"ఊరికేనండీ. తెలుసుకుందామని."