గంటన్నర నీళ్లు

ఆ ఉదయం ఆకాశం మబ్బు పట్టి ఉంది. మూడు రోజులుగా అదే తీరు. కురవదు, విడవదు. అలిగి మూల కూర్చున్న మనిషిలా ఊరి మీద బరువుగా కూర్చుంది. తాళం మామ ఒకసారి తలెత్తి చూశాడు. ఏమీ అనుకోలేదు. ఇనుప తాళాన్ని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని నడిచాడు.

అది తలుపులు తీసే తాళం కాదు. నడుమెత్తు ఇనుప కడ్డీ. పైన అడ్డంగా పిడి, కింద నాలుగు పలకల గూడు. రోడ్డు మీది మూత తీసి, ఆ గూడును లోపలి వాల్వు మీద కూర్చోబెట్టి తిప్పితే ఆ వీధికి నీళ్లు వెళతాయి. ఇరవై రెండేళ్లుగా అతడి పని అదే. అసలు పేరు జీతం కాగితంలో ఉంది. ఊరికి మాత్రం అతడు తాళం మామ.

ఐదున్నరకు ఎగువ వీధి వాల్వు తిప్పాడు. పదకొండు చుట్లు. తర్వాత కడ్డీకి చెవి ఆనించాడు. పైపులో నీరు నడిస్తే కడ్డీ సన్నగా గుర్రుమంటుంది. ఇవాళా గుర్రుమంది. కాస్త దూరం పోయి ఆగింది, ఎత్తెక్కలేక దారిలో కూలబడిన ముసలివాడి ఊపిరిలా. పై ఇళ్ల కుళాయిలు బుస్సుమన్నాయి, రెండు దగ్గులు దగ్గి ఊరుకున్నాయి.

"ఏం మామా, గాలి బాగా వదిలావు ఇవాళ! రెండు బిందెల గాలి పట్టుకున్నాం, ఇక చాలు," అంది గుమ్మంలోంచి ఒకావిడ.

"నేను వదిలేది నీళ్లేనమ్మా. మీ దాకా వచ్చేసరికి అలా అవుతోంది."

"అయితే మధ్యలో ఎవరు తాగేస్తున్నారో కనుక్కో."

కనుక్కునేదేమీ లేదు. నాలుగేళ్ల కిందట పల్లపు వైపు కొత్త ఇళ్లు లేచాయి. అదే పైపు వాళ్లకూ వేశారు. నీరు పల్లమెరుగు. ఎగువకు ఎక్కాలంటే మధ్యలో ఒక మోటారు తోయాలి. మోటారు కోసం గది కట్టారు. సిమెంటు దిమ్మె పోశారు. దిమ్మెలోంచి నాలుగు బోల్టులు పైకి చూస్తున్నాయి. మోటారు రాలేదు. రెండేళ్లుగా ఆ దిమ్మె మీద ఒక కుక్క పడుకుంటోంది.

ఏడింటికి వాల్వు మూసి, తాళం మామ జేబులోంచి రోజువారీ పత్రం తీశాడు. 'ఎగువ వీధి. తెరిచినది ఐదున్నర. మూసినది ఏడు.' పక్కన సంతకం. ఆ పత్రంలో ఉన్నవి ఆ మూడు గడులే. నీళ్లు వచ్చాయా అన్న గడి లేదు. లేని గడిలో రాయడం తన పని కాదని నాలుగేళ్లుగా అతడు అనుకుంటూ వచ్చాడు.

ఎగువ వీధిలో చివరి ఇల్లు అతడి అక్కది. ఆమె, ఆమె మనవరాలు ఉంటారు అందులో. కొడుకూ కోడలూ పనికోసం వేరే ఊరెళ్లి నెలకోసారి వస్తారు. ఆ వీధివాళ్లంతా, రాయి తవ్వి వదిలేసిన గుంట నుంచి నీళ్లు మోసుకుంటారు. ఆ గుంట అంచునే రెండేళ్ల కిందట అక్క జారిపడింది. అప్పటినుంచి చేతికర్ర. పోయిన నెల మనవరాలికి కామెర్లు. పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మళ్లీ ఆ నీళ్లు తాగిస్తే ఈసారి మా చేతిలో ఉండదన్నాడు డాక్టరు.

ఇక్కడ చదివేవారికి ఒక సంగతి చెప్పాలి. పదేళ్ల కిందటి వరకు నీళ్లు, రోడ్లు, ఆసుపత్రులు, అన్నీ ఎక్కడో దూరాన ఉన్న పెద్ద ప్రభుత్వం చేతిలో ఉండేవి. జనం అడిగారు, కొట్లాడారు. చివరికి ప్రాంతానికి ఒక సభ, ఒక మంత్రివర్గం వచ్చాయి. నీళ్ల పెత్తనం కిందికి దిగింది. ఆ రోజు ఎగువ వీధి కూడా మురిసింది. ఇక మనవాళ్లే, ఎదురుపడితే చెయ్యి పట్టుకుని అడగొచ్చు అనుకుంది. తీరా మోటారు దగ్గరికి వచ్చేసరికి, కరెంటు లైను పెద్ద ప్రభుత్వానిదని చిన్న ప్రభుత్వం అంది. నీళ్లు మీకిచ్చేశాం కదా అని పెద్ద ప్రభుత్వం అంది. ఒకరిది ఒకరి మీదికి తోసుకునే చోట ఎవరిదీ కానిది ఎగువ వీధి దాహం ఒక్కటే.

అందుకని వాళ్లు టీచరమ్మ దగ్గరికి వెళ్లారు. ఆమె ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, ఆ తర్వాత ఆ ప్రాంతం తరఫున సభకు ఎన్నికైన మనిషి. "అడగనిదే అమ్మైనా పెట్టదు. అడగడానికే కదా నన్ను పంపారు," అంది. ఎండలో వీధంతా తిరిగి చూసింది. దిమ్మెను చూసింది, కుక్కను కూడా చూసింది. తర్వాత సభలో ప్రశ్న పెట్టింది. సభ్యులు పెట్టిన ప్రశ్నలన్నిటికీ చీటీలు వేసి తీస్తారు. చీటీలో వచ్చిన ప్రశ్నకే మంత్రి నిలబడి జవాబు చెప్పాలి. ఆ జవాబు మీద అడిగినవారు మరొక్క ప్రశ్న వేయవచ్చు. అంతే. మూడు సమావేశాల తర్వాత ఎగువ వీధి చీటీ వచ్చింది.

చీటీ వచ్చిన నాలుగో రోజున ఇంజనీరు తాళం మామను పిలిపించాడు. కుర్రవాడు, మాట మెత్తన.

"మామా, ఎగువ వీధికి రోజూ వాల్వు తిప్పుతున్నావా?"

"తిప్పుతున్నానండి."

"గంటన్నర ఉంచుతున్నావా?"

"ఉంచుతున్నాను."

"అదే రాశాను. చూసుకుని సంతకం పెట్టు."

కాగితంలో 'ఎగువ వీధికి ప్రతిరోజూ గంటన్నర సేపు నీరు వదులుతున్నాను' అని ఉంది. తాళం మామ రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోతూ ఆగాడు.

"పైకి ఎక్కడం లేదు కదండీ బాబూ..."

"అది మోటారు సంగతి. నీ సంగతి కాదు. ఇందులో అబద్ధం ఒక్క ముక్క ఉందా చెప్పు?"

లేదు. అదే చిక్కు. ఇంజనీరు బల్ల మీద ఎడమవైపు ఒక ఫైలు ఉంది. "నిన్ను పర్మనెంటు చేసే ఫైలు ఈ నెలలోనే పైకి పోతోంది మామా," అన్నాడు ఊరికే గుర్తొచ్చినట్టు. ఇరవై రెండేళ్లుగా తాత్కాలికంగానే ఉన్న మనిషి కలం అందుకున్నాడు.

జవాబు చెప్పే రోజున టీచరమ్మ, ఎగువ వీధి నుంచి ఇద్దర్ని సభ చూడటానికి రమ్మంది. వీధి తరఫున అక్కను పంపారు. "నువ్వు తోడు రారా తమ్ముడూ, మెట్లుంటాయట," అంది అక్క. సంతకం మాట అతడు చెప్పలేదు. రెండు గంటల బస్సు ప్రయాణంలో నోటిదాకా నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ మింగాడు.

గుమ్మం దగ్గర కాపలా మనిషి అక్క చేతికర్ర తీసుకుని, బదులుగా ఇత్తడి బిళ్ల ఇచ్చాడు. లోపలికి కర్రలు తేకూడదట.

"నేనెవర్ని కొడతానయ్యా, నిలబడటమే కష్టం!" అంది అక్క. అతడు నవ్వాడు కానీ కర్ర ఇవ్వలేదు. ఆమె తమ్ముడి మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.

పైన బల్లల మీద కూర్చున్నారు. కింద సభ. కుర్చీలు సగం ఖాళీ. ఒక సభ్యుడు ఆవలిస్తున్నాడు. టీచరమ్మ లేచి ప్రశ్న చదివింది. మంత్రి లేచాడు. మంచి గొంతు, నవ్వు మొహం.

"అధ్యక్షా, ఎగువ వీధికి ప్రతిరోజూ గంటన్నర సేపు నీరు వదులుతున్నాం. ఇది కార్యాలయంలో కూర్చుని రాసిన మాట కాదు. ఆ వీధికి స్వయంగా నీరు వదిలే కార్మికుడు ఇరవై రెండేళ్ల అనుభవంతో సంతకం చేసి ఇచ్చిన మాట." కాగితం పైకెత్తి చూపాడు.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. మోచెయ్యి మీది చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

టీచరమ్మకు ఇంకొక్క ప్రశ్నే ఉంది. "ఆ నీళ్లు పై ఇళ్లకు చేరుతున్నాయా అని అడుగుతున్నాను, అధ్యక్షా."

మంత్రి నవ్వాడు. "గౌరవ సభ్యురాలు ఆ వీధికి వెళ్లారు. అక్కడి తల్లుల చేతి మంచినీళ్లు తాగి వచ్చానని పోయిన వారం ఈ సభలో ఆమే చెప్పారు. ఎలా ఉన్నాయి టీచరుగారూ, నీళ్లు?"

సభ గొల్లుమంది. టీచరమ్మ ఏదో అనబోయింది. మోటారు విషయమై పెద్ద ప్రభుత్వానికి రాశామని, జవాబు రావలసి ఉందని మంత్రి ముగించాడు. అధ్యక్షుడు గంట కొట్టి తర్వాతి ప్రశ్న పిలిచాడు. నాలుగేళ్ల దాహం నాలుగు నిమిషాల్లో అయిపోయింది.

బయట వరండాలో టీచరమ్మ వాళ్ల దగ్గరికి వచ్చింది. మొహంలో నెత్తురు లేదు.

"ఆ రోజు నాకిచ్చిన నీళ్లు ఎక్కడివమ్మా?"

"కొన్న క్యానువి," అంది అక్క. "ఇంటికొకటి కొంటాం. పాపకి కాస్త, వచ్చినవాళ్లకి కాస్త. మీరేమో ఎండన పడి వచ్చారు. ఇంటికొచ్చిన మనిషికి గుంట నీళ్లెలా ఇస్తామమ్మా?"

టీచరమ్మ బల్ల మీద కూలబడింది. తాళం మామ ఆమె ముందు నిలబడి, "ఆ సంతకం నాదేనమ్మా," అన్నాడు. ఆ మాట అక్కకు చెప్పాల్సింది. చెప్పలేక ఈమెకు చెప్పాడు.

ఆమె అతడిని తిట్టలేదు. "మంత్రిగారు అబద్ధమాడలేదయ్యా. మనం ఇచ్చిందే మనకి చదివి వినిపించారు. తిలా పాపం తలా పిడికెడు. నేను పదకొండింటికి వచ్చాను, కుళాయి విప్పే ఐదున్నరకి రాలేదు. మీరు పరువుకోసం మంచినీళ్లిచ్చారు. ఈయన ఉద్యోగం కోసం సంతకమిచ్చాడు. ప్రశ్న అడిగే హక్కు సభలో ఉంటుంది. దాని బలం మాత్రం అక్కడ పుట్టదు. కింద నిజం రాసే చెయ్యి లేకపోతే, పైన అడిగే నోరు ఉన్నా లేనట్టే."

"ఇప్పుడు రాస్తే?" అన్నాడు తాళం మామ.

"ఇప్పుడు రాస్తే మళ్లీ చీటీ పెడతాను. ఆరు నెలలో, ఏడాదో. ఈలోగా నీ ఉద్యోగం కాపాడగలనని మాత్రం చెప్పలేను. ఈ ఒక్కరోజుకి మనం చెప్పుకున్న అబద్ధాలు చాలు."

అక్క ఇత్తడి బిళ్ల ఇచ్చి కర్ర తీసుకుంది. బస్సులో వేరే సీటులో కూర్చుంది.

మర్నాడు ఐదున్నరకు తాళం మామ పదకొండు చుట్లు తిప్పాడు. ఈసారి చెవి ఆనించి ఊరుకోలేదు. కడ్డీ భుజాన వేసుకుని ఎగువ దాకా నడిచాడు. ప్రతి ఇంటి కుళాయీ విప్పించి చూశాడు. ఇరవై రెండేళ్లలో నీళ్లు వదిలి, వాల్వు దగ్గరి నుంచి కుళాయి దాకా అతడు నడవడం అదే మొదలు. పత్రంలో మూడు గడులూ నింపి, వాటి కింద ఖాళీలో రాశాడు. 'వాల్వు తెరిచాను. ఎగువ వీధికి నీళ్లు రాలేదు. ముప్పై ఒక్క ఇళ్లు చూశాను. ఒక్క చుక్క లేదు.' అలాంటివే మూడు కాగితాలు.

ఇంజనీరు చదివి వెనక్కి వాలాడు. "ఇది రాయడానికి గడి లేదు మామా."

"అందుకేనండి గడి బయట రాశాను."

"ఇది నేను పైకి పంపలేను."

"మీరు పంపకపోతే మానె. ఒకటి టీచరమ్మకి పొద్దుటే పోస్టులో వేశాను. రేపు కూడా రాస్తాను. ఎల్లుండి కూడా."

ఇంజనీరు కోపగించుకోలేదు. బల్ల ఎడమవైపు ఉన్న ఫైలు తీసి, సొరుగు లాగి, అందులో పెట్టి మూశాడు. తాళం మామ ఆ సొరుగు చప్పుడు విన్నాడు. నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. మబ్బు ఇంకా అలాగే ఉంది.

మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్లాడు. సభ నుంచి వచ్చాక ఆమె అతడితో ఒక్క మాట మాట్లాడలేదు. అతడు మూడో కాగితం కిటికీ గట్టు మీద పెట్టాడు. అక్కకు చదువు రాదు. మనవరాలు అందుకుని వేలు పెట్టి చదివింది. "వాల్వు తెరిచాను. ఎగువ వీధికి నీళ్లు రాలేదు." చదవడం అయ్యాక, "నిజమే కదా నానమ్మా, ఇది అందరికీ తెలుసు కదా!" అంది.

"తెలుసు," అంది అక్క. "రాసింది ఇవాళ."

పొయ్యి దగ్గరికి వెళ్లి మూడు కంచాలు పెట్టింది. అన్నం వడ్డించింది. పాప గ్లాసులోకి క్యాను వంచింది. తమ్ముడి గ్లాసు అందుకున్నాక కూడా చెయ్యి అలవాటుగా క్యాను వైపే పోయింది. అక్కడ ఆగింది. పక్కకు జరిగి, కుండ మూత తీసి, అందులోంచి ముంచింది. కాచి వడగట్టినా పసుపు పోని గుంట నీళ్లు. తన గ్లాసులో పోసుకునే నీళ్లు.

అతడు గ్లాసు ఎత్తి వెలుతురులో చూశాడు. అడుగున సన్నటి రాతిపొడి కదులుతోంది. సగం తాగి కంచం పక్కన పెట్టాడు. అక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. ముగ్గురూ అన్నం తిన్నారు.