రాకెట్ ఆగిన రోజు ఆట

రాకెట్ ఎగిరే రోజు తూర్పుకుప్పంలో వేట ఉండదు. శ్రీహరికోట చుట్టుపక్కల సముద్రంలోకి పడవలు దిగకూడదని ఆటోకు మైకు కట్టుకొచ్చి ముందుగానే చెప్పి పోతారు. ఊరి ఫుట్‌బాల్ క్లబ్‌కు కావలసిందీ అదే. ఆటగాళ్లలో సగానికి పైగా పడవల మీద పనిచేసేవాళ్లు. వాళ్లంతా ఒడ్డున ఉండేది ఆ రోజే.

నిరుటిదాకా రాకెట్‌తో పని పడలేదు. మొదటి డివిజన్ ఆటలు ఆదివారాల్లో జరిగేవి. ఆదివారం ఊరి కట్టుబాటు ప్రకారం ఎవరూ వేటకు పోరు. నిరుడు క్లబ్ వరసగా ఓడిపోయి రెండో డివిజన్‌కు దిగింది. ఇక్కడ ఆదివారం రిఫరీలు దొరకరు, వాళ్లను పై డివిజన్ తీసుకుంటుంది. కొత్త సీజన్‌లో మొదటి ఆట బుధవారం పడింది. తూర్పుకుప్పం నుంచి అయిదుగురే పోగలిగారు. ఏడుగురు లేకపోతే ఆట పెట్టరు. అలా ఇంకొక్కసారి జరిగితే లీగ్ నుంచి పేరు తీసేస్తారు.

అందుకని రెండో ఆటను రాకెట్ రోజుకు పెట్టుకున్నారు. ఆ ఆలోచన ఓబయ్యదే. మోకాలు నొప్పితో వేట మానేసిన ఓబయ్య ఇప్పుడు వలలు బాగుచేస్తాడు. తుఫాను షెల్టర్ పక్కనున్న గ్రౌండులో క్లబ్ ఆడిన ఏ ఆటనూ అతను వదల్లేదు. కూతురు పెళ్లినాడు కూడా తాళి కట్టించి గ్రౌండుకు వచ్చేశాడు. గోలు వెనక నిలబడి గోల్‌కీపర్‌ను తిట్టడం అతని పని. ఒకప్పుడు అక్కడ గుంపు నిలబడేది. క్లబ్ దిగిపోయాక ఓబయ్య, టీకొట్టు జకరయ్య మిగిలారు.

ఆట రోజు తెల్లవారుజామున ఆటో మళ్లీ వచ్చింది. రాకెట్ రేపటికి వాయిదా పడిందని, ఈ రోజు వేటకు పోవచ్చని మైకులో చెప్పి వెళ్లిపోయింది.

ఓబయ్య ఒడ్డుకు చేరేసరికి పడవలు చాలావరకు అల దాటిపోయాయి. శివశంకర్ పడవ మిగిలింది. అందులోకి వల ఎక్కిస్తున్న ఇద్దరిలో ఒకడు గోల్‌కీపర్ పెంచల్, ఇంకొకడు ముందు ఆడే సుశీల్ కుమార్.

"ఏంది పెంచలూ, బూట్లేసుకోవాల్సిన టయానికి వల మోస్తా ఉండావు?"

"రాకెట్ ఆగిపోయింది గదా మామా. అన్న రమ్మంటే రానని ఎట్ట చెప్పేది?"

"ఊళ్లో ఎంతమంది ఉండారు మనోళ్లు?"

"అయిదుగురు."

శివశంకర్ ఇంజను దగ్గర నుంచి తల ఎత్తాడు. "ఓబయ్య మామా, నాలుగు దినాలుగా వలకు కానగడత చేపలు పడతా ఉండాయి. రేపు మళ్లా సముద్రం మూస్తారు. ఓడిపోయే ఆట కోసం పడవ ఒడ్డున పెట్టుకోమంటావా?"

"గెలిచే ఆటయితే పెట్టుకుంటావా?"

"గెలిచినప్పుడు అడుగు, చెప్తా."

సుశీల్ నవ్వాడు. ఓబయ్య నవ్వలేదు. శివశంకర్ మాటలో తప్పు లేదని అతనికి తెలుసు. పడవ ఆపమని అడిగే మొహం అతనికి లేదు. వాకాడు జట్టు అప్పటికే బయల్దేరి ఉంటుంది, రిఫరీ కూడా.

"నీకు కావాల్సింది ఇద్దరు మనుషులు. అంతే గదా?" అన్నాడు.

"ఎవరుండారు మామా? అందరూ పోయినారు."

"నేనుండా."

"మోకాలో?"

"మోకాలితో లాగుతామా వల?"

"సరే, నువ్వొకడివి. ఇంకొకడు?"

ఓబయ్య పక్కకు తిరిగాడు. టీ క్యాన్ పట్టుకుని జకరయ్య నిలబడి ఉన్నాడు.

"నా పక్క చూడబాకు. నేను వేట మానేసి పన్నెండేళ్లయింది" అన్నాడు జకరయ్య.

"మానేసినావు. మర్చిపోలేదు గదా."

"కొట్టు ఎవరు చూస్తారు?"

"నీ పెండ్లాం రెబెక్కమ్మ చూస్తాది. నీకంటే బాగా పెడతాది టీ."

జకరయ్య క్యాన్ ఇసుకలో పెట్టి లుంగీ పైకి కట్టాడు. పెంచల్ మాత్రం పడవ దిగలేదు.

"నువ్వు లేకుండా ఆటేంది మామా? గోలు ఎనక నుంచి నన్ను తిట్టేది ఎవరు?"

"మీ అత్తకు చెప్పి పోతాలే. దిగు."

ఒడ్డుకు వచ్చిన చెంచమ్మ మొగుడి మాట విని, "నాకు ఆట తెలవదే" అంది. "తిట్టేదానికి ఆటతో పనేంది మే? చేతులుండేది దేనికి, అన్నం తినేదానికా అని అడుగు. చాలు" అని చెప్పి ఓబయ్య పడవ ఎక్కాడు.

లోపలికి పోయాక వల వేశారు. ఒడ్డు గీతలా కనిపిస్తోంది, దాని మీద షెల్టర్ తెల్లగా. ఆట జరుగుతుంటే పిలకాయలు షెల్టర్ మేడ ఎక్కుతారు. ఓబయ్య కళ్లకు మేడ ఆనడం లేదు.

"జకరయ్యా, మేడ మీద జనం ఉండారా?"

జకరయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఉండారు. లేకుంటే ఎవరన్నా గుడ్డలు ఆరేసినారో."

"కదలతా ఉండాయా?"

"గాలికి గుడ్డలు గూడా కదలతాయి గదప్పా."

వల లాగేటప్పుడు ఓబయ్య వైపు జారింది. ఒక మూర నీళ్లలోకి వెళ్లిపోయింది.

"చేతులుండేది దేనికి? అన్నం తినేదానికా?" అని జకరయ్య అరిచాడు.

శివశంకర్ ఇంజను మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. పెంచల్‌కు ఆ మాట ఎలా ఉంటుందో ఓబయ్యకు ఇన్నేళ్లకు తెలిసింది. వల మళ్లీ పట్టుకుని మేడ వైపు చూస్తూ లాగాడు.

మధ్యాహ్నం పడవ ఒడ్డుకు తిరిగింది. అల దగ్గరికి వచ్చేసరికి నీళ్లలోకి మనుషులు దిగి ఎదురొస్తున్నారు. నీలం జెర్సీలు వేసుకుని ఉన్నారు. ఓబయ్య వాళ్లను లెక్కపెట్టాడు.

పెంచల్ పడవ అంచు పట్టుకున్నాడు. ఓబయ్య ఎవరు గెలిచారని అడగలేదు.

"ఏడుగురూ ఆడినారా?"

"ఆడినాం."

"చివరిదాకా?" ఒక్కడు తగ్గినా ఆట ఆపేస్తారు.

"చివరిదాకా మామా. సుశీల్‌కు కాలు పట్టేసింది. అయినా బయటికి పోలా."

ఓబయ్య పడవలోనే కూర్చున్నాడు. క్లబ్ పేరు లీగ్‌లో ఉంటుంది.

"ఎంతకు ఎంత?" అన్నాడు జకరయ్య.

"ఆరు, ఒకటి."

"ఒకటి మనదేనా?"

"మనదే. సుశీల్ కొట్టినాడు."

ఈ సీజన్‌లో అదే మొదటి గోలు. ఓబయ్య చూడని గోలు.

చెంచమ్మ గంప తీసుకుని వచ్చింది. ఆమె గొంతు బొంగురుపోయింది. "నువ్వు చెప్పిన మాట మొదటి గోలుకే అయిపోయింది. మిగతా అయిదూ నా సొంతంగా తిట్టినా."

"మామా, వచ్చేసారి నువ్వే రా. నువ్వే మేలు" అన్నాడు పెంచల్.

మర్నాడు సాయంత్రం ఊరు ఊరంతా రాకెట్ చూడటానికి షెల్టర్ మేడ ఎక్కింది. కింద గ్రౌండులో మాత్రం ఏడుగురూ ఉన్నారు. వాకాడు వాళ్లకు బదులు చేపల గంపలు బోర్లించారు. నిన్న గోలు పడినప్పుడు ఎక్కడ ఎవడు నిలబడ్డాడో పెంచల్ చెబుతుంటే చెంచమ్మ సరిచేసింది. శివశంకర్ మేడ ఎక్కబోయి మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ఓబయ్య వాకాడు గోలు వెనక నిలబడ్డాడు. వల లాగి బొబ్బలెక్కిన అరచేతుల్లో నొప్పి ఇంకా ఉంది.

సుశీల్ రెండు గంపల మధ్యగా పోయి బంతి కొట్టాడు. అది వలలో పడింది. అప్పుడే దక్షిణాన వెలుగు లేచింది. మేడ మీద జనం కేకలు వేశారు.

"అది ఆఫ్‌సైడ్ గదా?" అన్నాడు జకరయ్య.

"నోరు మూసుకోవయ్యా" అన్నాడు ఓబయ్య, ఆకాశం వైపు చూడకుండానే. వలలోంచి బంతి తీసి సుశీల్ వైపు విసిరాడు.

"ఇంకొక తూరి కొట్టు నాయనా."