పుల్లమ్మ కూత

జడ్చర్ల చోటే మియా మైకు సెట్టులో గొంతు పగలదని చుట్టుపక్కల పేరు. పెళ్లిళ్లలో పాటగాడు ఎంత గొంతు చించుకున్నా సరే, మియా రెండు వేళ్లు శబ్దం పెంచి తగ్గించే మర మీద ఉన్నంతసేపు బాకాలో బరబర రాదు. పాటగాడు ఊపిరి పీల్చడం చూసే మర తగ్గిస్తాడు. గొంతు సన్నబడితే పెంచుతాడు. వినేవాళ్లకు అంతా ఒకే ఎత్తున, నున్నగా వినిపిస్తుంది. ఇందులో కొంత నేర్పు, కొంత భయం. సెట్టు డబ్బాలో ఉన్న నాలుగు గాజు వాల్వుల్లో ఒకటి ముసలిది. పెద్ద శబ్దం తగిలిందంటే అది చస్తుంది, మరొకటి హైదరాబాదు పోతే తప్ప దొరకదు. ఈ మాట మాత్రం మియా ఎవరికీ చెప్పడు. సొంత పెళ్లానికే చెప్పలేదు, మనకెందుకు చెబుతాడు?

పోలీసు చర్య అయి ఏడాది కాలేదు. అలాంటి రోజుల్లో పటాలం లారీ ఇంటి ముందు ఆగి సెట్టు ఎక్కించమంటే, రానని చెప్పే దమ్ము ఏ సాయబుకుంటుంది? మియా నోరు మూసుకుని ఎక్కాడు. అచ్చంపేట దాటించి, నల్లమల అంచున ఒక పల్లెలో దించారు. ఎదురుగా గుట్ట. గుట్ట మీద సంగపోళ్ల, అంటే కమ్యూనిస్టుల, దళం. ఆ దళంలో ఈ ఊరి దుర్గయ్య. రేపు మధ్యాహ్నంలోగా చేతులెత్తి దిగివచ్చినవాణ్ణి కాల్చరట, తర్వాత పటాలమే గుట్టెక్కుతుందట. ఆ మాట దుర్గయ్య తల్లి పుల్లమ్మ నోటనే చెప్పించాలని పటాలం సుబేదారు పట్టు.

పుల్లమ్మ మైకును ఎన్నడూ చూసింది కాదు. ఆ పల్లెల్లో గుట్ట మీద పశువులు కాసేవాళ్లను ఇంటివాళ్లు కూతేసి పిలుస్తారు. ఒక్కో ఇంటి కూతకు ఒక్కో తోక. ఒకరిది చివర జారుతుంది, ఒకరిది రెండుగా విరుగుతుంది, పుల్లమ్మది ఉన్నట్టుండి పైకి లేచి తెగుతుంది. ఆ తోకను బట్టే పైనున్నవాడు తనను పిలుస్తున్నది ఎవరో పోల్చుకుంటాడు. జడ్చర్ల బజారులో పుట్టి పెరిగిన మియాకు ఈ సంగతి తెలియదు. ఎవరూ చెప్పనూ లేదు. గుట్ట దాపుకు పోనిస్తే పుల్లమ్మ ఉత్త గొంతే సరిపోయేది, కాని అక్కడికి ఎవరినీ పోనివ్వడం లేదు.

"పెద్దమ్మా, మైకుకు జానెడు దూరంల నిలబడు. మెల్లగ మాట్లాడు, అరవకు," అన్నాడు మియా.

"మెల్లగ పిలిస్తే గుట్టకెట్ల ఇనవడతది సాయబూ?"

"గది నాకు వదిలెయ్యి."

ఆమె రెండు మాటలు మెల్లగానే అంది. మూడో మాటకు మైకును మరచి గుట్ట వైపు తిరిగింది. పిలవాల్సినవాడి వైపు చూడకుండా పిలవడం ఆమెకెట్లా చేతనవుతుంది? మియా ఆమె భుజం పట్టి మళ్లీ మైకు వైపు తిప్పాడు.

"ఓ దుర్గిగా... నేను మీ అమ్మనురా... దిగి రా బిడ్డా..."

ఆమె రొమ్ము పొంగడం మియా చూశాడు. గొంతు లేచే లోపలే మర తగ్గించాడు. బాకాలో కొంచెం కూడా బరబర లేదు. ముసలి వాల్వు బతికింది. ఇంత చక్కగా తాను ఎన్నడూ సంబాళించలేదని మియాకు లోలోపల గర్వం కూడా కలిగింది, పాడు గర్వం.

పుల్లమ్మ మొహం మాత్రం చిన్నబోయింది.

"సాయబూ, గది నా కూత లెక్క లేదు. ఆఖరుకు లేవలే. ఇంకోపారి ఏస్త, జర నువ్వు చెయ్యి తియ్యి."

మియా మర వదల్లేదు. చెయ్యి తీస్తే వాల్వు పోతుంది. వాల్వు పోతే కూతే పోతుంది. పైగా సుబేదారు పక్కనే ఉన్నాడు. సెట్టు చెడిందంటే, సాయబు కావాలనే చెడగొట్టాడంటాడు. ఆ తర్వాత తన పిల్లల గతేమిటి?

"మస్తు మంచిగొచ్చింది పెద్దమ్మా. ఒక్క మాట సుత పగల్లే. ఫికర్ జెయ్యకు."

డబ్బా సంగతి డబ్బావాడికే తెలుస్తుందనుకుంది పాపం. ఇంకో రెండుసార్లు పిలిచింది. మియా ఆ రెండూ నున్నగానే పంపాడు.

మర్నాడు మధ్యాహ్నం దాకా గుట్ట మీంచి పురుగు దిగలేదు. పటాలం ఎక్కింది. తుపాకులు మోగినంతసేపూ పుల్లమ్మ లారీ చక్రాన్ని పట్టుకుని నిలబడింది. పొద్దు వాలకముందే దుర్గయ్య శవాన్ని మంచం మీద మోసుకొచ్చారు. వెనకాల దళంలోని ఐలేశం, చేతులు కట్టేసి, కాలు కుంటుతూ వచ్చాడు.

పుల్లమ్మ కొడుకు దగ్గరికి పోలేదు. ముందు ఐలేశం అంగీ పట్టుకుంది.

"నా పిలుపు ఇనవడలేదారా మీకు?"

"ఇనవడ్డది పెద్దవ్వా. ఒక్కొక్క మాట మంచిగ ఇనవడ్డది. దుర్గన్న తుపాకి కింద పెట్టి లేసిండు సుత. మొత్తం ఇని మల్ల కూసున్నడు. మా అమ్మ కూత గిట్లుండదు, ఆఖరుకు లేవనే లేదు, ఎవర్నో తెచ్చి అనిపిస్తున్నరు, దిగితే సస్తమన్నడు."

మియా లారీ మీద, డబ్బా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఒక్కొక్క మాట మంచిగా వినబడిందట. పుల్లమ్మ తల తిప్పి అతని వైపు చూసింది. తిట్టలేదు, మన్ను పోయలేదు. తిట్టినా బాగుండేదని మియాకు అనిపించింది. దిగి ఆమె కాళ్ల మీద పడదామంటే లేవలేకపోయాడు. పడి మాత్రం ఏం చెప్పాలి? వాల్వు ముసలిదని చెప్పాలా?

ఆమె మంచం దగ్గర కూలబడి, కొడుకు మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కూతేసింది. మైకు లేదు, బాకా లేదు. ఆ కూత ఉన్నట్టుండి పైకి లేచి తెగింది. గుట్ట తిరిగి పలికింది.

లారీ మీద మియా రెండు వేళ్లు వాటంతటవే మర తగ్గించాయి. డబ్బా నిన్ననే ఆపేశాడు.