పొయ్యి పక్క కుర్చీ

ఫ్రూమెట్ రోజూ పొద్దున్నే కాఫీ తాగి, కింది గదిలో కుర్చీలు తుడుస్తుంది. మోకాలెత్తు కూడా లేని ఏడు చెక్క కుర్చీలు. ఆంట్‌వర్ప్‌లో ఆ నాలుగు వీధుల్లో ఏ యూదుల ఇంట్లో మనిషి పోయినా, అయినవాళ్లు ఏడు రోజులు దుఃఖంలో కూర్చునేది వీటిమీదే. పిల్లల్లేరు, తీరిక ఉంటుంది గదా అని సంఘం వాళ్లు ముప్పై ఏళ్ల కిందట ఆ పని ఆవిడకి అప్పగించారు. వచ్చి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. చావింటికి కుర్చీలే నడిచి వెళ్తాయి, ట్రామ్ వస్తే ఆగుతాయి, వారం కాగానే తిరిగొస్తాయి. వాటి కాళ్ల బురద తుడవడమే ఆవిడ పని.

ఒక్కటి మాత్రం శుద్ధ సోమరి. ఏనాడూ వీధి గుమ్మం దాటలేదు. మెట్లెక్కి ఫ్రూమెట్ వంటింట్లో పొయ్యి పక్కన చతికిలబడేది. "వెచ్చదనం మరిగావే నువ్వు," అని తిట్టి, ఆవిడ దాన్ని చంకనేసుకుని మళ్లీ కిందికి దించేది.

ఆ మంగళవారం రెండు కుర్చీలు బయల్దేరాయి. ఫ్రూమెట్ ఉండబట్టలేక వెనకే నడిచింది.

"ఎవరు పోయారే?" అంది బేకరీ గుమ్మంలోంచి షైండల్.

"నాకేం తెలుసు? వీటినే అడుగు."

"ముసలి కాట్స్ అయ్యుంటాడు."

"నిన్ననే చేపల కొట్లో నాతో పోట్లాడాడు. గుండ్రాయిలా ఉన్నాడు."

కుర్చీలు మూడో అంతస్తెక్కి హెన్యా గుమ్మం ముందు ఆగాయి. పెళ్లయిన ఆరేళ్లకి నిలిచిన కడుపు, ఐదో నెలలో పోయి తొమ్మిది రోజులైంది. వాళ్ల ఆచారంలో ముప్పై రోజులు నిండని బిడ్డకి కూర్చోవడం లేదు, ప్రార్థనా లేదు. అందుకే పలకరించడానికి ఎవరూ రాలేదు. హెన్యా ఆనాటి నుంచి నోరు విప్పలేదు, సరిగ్గా ముద్ద మింగలేదు. ఇక మనిషి దక్కదేమోనని భర్త మెండల్ హడలిపోతున్నాడు.

"ఇల్లు తప్పొచ్చాయేమో పిన్నీ," అన్నాడతను. "మాకు కూర్చునే విధి లేదన్నారుగా."

ఫ్రూమెట్ మతగురువు రబ్బీకి ఫోన్ చేసింది. కుర్చీలు వచ్చిన సంగతి చెప్పింది.

"విధి లేదన్నాను. కూర్చోకూడదన్నానా?" అన్నాడాయన. "కూర్చోమను. దుఃఖంలో కూర్చున్నవాళ్లకి మొదటి ముద్ద సొంతింటిది కాకూడదు, ఉడికించిన గుడ్డు నువ్వు పట్టుకెళ్లు."

ఆవిడ పక్కింట్లో గుడ్డు ఉడకబెట్టించి తెచ్చేసరికి హెన్యా కుర్చీలో ఉంది. గుడ్డు చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఆడపిల్ల, పిన్నీ," అంది. తర్వాత తింది. రెండో కుర్చీలో మెండల్ బావురుమన్నాడు.

ఫ్రూమెట్ ఇంటికొచ్చేసరికి సోమరి కుర్చీ పొయ్యి పక్కనే ఉంది. ఎత్తబోయి, చెయ్యి ఆపుకుంది. తనకీ వరసగా మూడు కడుపులు పోయాయి. మూడోసారి ఆస్పత్రి నుంచి వచ్చిన పూటే సూప్ కాచింది. ఏమీ జరగలేదనుకోమంది అత్తగారు. అలాగే అనుకుంది.

"ఎన్నిసార్లు దించానే నిన్ను," అంటూ ఆవిడ దానిమీద కూర్చుంది. ఏడుపు ఆగలేదు.

కబురు కనుక్కుందామని షైండల్ వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎవరు పోయారని ఈసారి అడగలేదు.

"ఎంతమంది?" అంది మెల్లగా.

"ముగ్గురు."

షైండల్ వెళ్లి మూడు గుడ్లు ఉడకబెట్టి తెచ్చింది. సాయంత్రం దుకాణం మూసి వచ్చిన ఫ్రూమెట్ భర్త లీపా ఆవిడ పక్కన నేలమీద కూర్చుని, ఒక గుడ్డు అందుకున్నాడు.

ఏడు రోజులయ్యాక కుర్చీ తనంతట తానే మెట్లు దిగింది. ఆ పై నెల మొదటిసారిగా కాళ్లకి బురదతో వీధిలోంచి వస్తే, ఫ్రూమెట్ అన్నిటికన్నా ముందు దాన్నే తుడిచింది.